టిచ్చు బటన్ల స్కర్టు

ఇప్పుడంటే జహీరాబాద్ బస్టాండులో ఏ ఆడపిల్ల ఏం వేసుకుందో చూసే తీరిక ఎవరికీ లేదు గానీ, నేను డిగ్రీ పూర్తి చేసిన కాలంలో మా ఊళ్లో స్కర్టు వేసుకోవడానికి ఒకటే కారణం ఉండేది, బడికి పోవడం. పదో తరగతి పరీక్షలు రాసిన మర్నాటి నుంచి ఆ బట్ట కిటికీలు తుడవడానికి పనికొచ్చేది. అలాంటి స్కర్టు నా నౌకరీకి అడ్డం వస్తుందనీ, దాని పొడవు గురించి పెద్దమనుషులు తలుపులు వేసుకుని చర్చిస్తారనీ ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని.

ట్రాక్టర్లకు సీట్లు చేసే ఒక చిన్న కంపెనీలో నాకు ట్రైనీగా పని దొరికింది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, ఫోన్లు ఎత్తడం, మీటింగుల్లో ఎవరేమన్నారో రాయడం. కొన్నాళ్లు చూసి, బాగుంటే పర్మినెంట్ చేస్తామన్నారు. కిటికీ పక్కన తిరిగే కుర్చీ ఒకటి ఇచ్చారు. అప్పటిదాకా మా ఇంట్లో నాదంటూ ఒక పీట కూడా లేదు (ముగ్గురు అన్నదమ్ముల మధ్య పుట్టినవాళ్లకు ఈ బాధ తెలుస్తుంది). ఆ కుర్చీలో ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిరుగుతుంటే, హైవే మీద పోయే ముంబై లారీలన్నీ నన్ను చూడడానికే పోతున్నట్టు ఉండేది. ఎట్లాగైనా ఆ కుర్చీ నాకు దక్కాలి. ఆ ఏడాది నాకు అంతకు మించిన కోరిక లేదు.

మా మేనేజరును చాటుగా అందరం స్కేలు సారు అనేవాళ్లం. క్వాలిటీ విభాగంలోంచి పైకొచ్చిన మనిషి, జేబులో స్టీలు స్కేలు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. ముంబై హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడమ్ వస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. ఆడవాళ్లందరూ (అందరూ అంటే నేనూ, అకౌంట్స్ అక్కా) ఆ రోజు ఫార్మల్స్‌లో రావాలన్నాడు. చీర కట్టుకొస్తానన్నాను. అది సంప్రదాయం అన్నాడు. పోనీ చుడీదార్ అన్నాను. అది సౌకర్యం అన్నాడు. "ఫార్మల్ అంటే స్కర్టమ్మా, షర్టు టక్ చేసుకుని. నిన్ను పర్మినెంట్ చేసేదీ లేనిదీ ఆ వారమే తేల్చాలి, గుర్తుపెట్టుకో" అని కూడా అన్నాడు. ఇది చెబుతున్న మనిషి మెడకు టై ఉంది, కాళ్లకు హవాయి చెప్పులున్నాయి (షుగరట, బూట్లు వద్దన్నారట).

స్కర్టు సరే, ఎంత పొడవు? దానికోసం మీటింగు పెట్టారు. అందరూ మగవాళ్లే. రాసుకోవడానికి నేనొక్కదాన్ని మూలన కూర్చున్నాను. నా ముందు మోకాలు అనడానికి వాళ్లకు సిగ్గయింది, అందుకని స్కేలు సారు దానికి జాయింట్ అని పేరు పెట్టాడు. జాయింటుకు పైనా, కిందా, సరిగ్గా జాయింటు మీదా అని చాలాసేపు వాదించుకున్నారు. కూర్చున్నప్పటి జాయింటా, నిలబడ్డప్పటి జాయింటా అని స్టోర్స్ ఆయనకు అనుమానం వచ్చింది. చివరికి జాయింటు మధ్యకు ఉండాలనీ, అర ఇంచు అటూ ఇటూ అయితే పాస్, దాటితే రిజెక్ట్ అనీ తీర్మానించారు. సీట్ల బోల్టులకు కూడా మా దగ్గర అదే లెక్క. అకౌంట్స్ అక్క మాత్రం మర్నాడే మోకాళ్ల నొప్పులని దవాఖాన చీటీ తెచ్చి, చీరకు మినహాయింపు సంపాదించింది. ఎంతైనా సీనియర్.

మా నాయన అల్లం రైతు, మాట తక్కువ. సంగతంతా విని తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "నౌకరి జెయ్యి బిడ్డా, నేనొద్దంటలే. గని మోకాళ్లు కనవడంగ బజార్ల నడిస్తే, మార్కెట్ల నా మొఖం యాడ వెట్టుకోవాలె?" అన్నాడు. అట్లయితే మానేసి ఇంట్లోనే ఉండమని మెల్లగా చేర్చాడు. అప్పుడే మా అమ్మ చేను నుంచి వచ్చింది, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టుకుని, పిక్కల నిండా బురదతో. తన కాళ్ల వంక చూసుకుంది, నాయన వంక చూసింది, కాళ్లు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయింది. మోకాలు అల్లం చేనులో కనిపిస్తే పని, ఆఫీసులో కనిపిస్తే ఫార్మల్, బజార్లో కనిపిస్తే బద్నాం. ఈ లెక్క ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

అటు సారు, ఇటు నాయన, నడుమ నా కుర్చీ. పోయి దర్జీ చాచా ముందు ఏడ్చాను. ఊళ్లో సగం బడుల యూనిఫాములు కుట్టేది ఆయనే, నావీ ఆయనే కుట్టాడు. ఆడపిల్లల స్కర్టుకు లోపల జానెడు మడత పెట్టి కుట్టడం ఆయన పద్ధతి, పిల్ల పొడుగైనకొద్దీ విప్పుకోవచ్చని. చాచా అంతా విని, "గింతేనా, ఫికర్ జెయ్యకు బేటా. ఇగ నువ్వు పెరగవు గని, నీ స్కర్టు ఇంట్ల పెరుగుతది, ఆఫీసుల తగ్గుతది" అన్నాడు. ఈసారి మూరెడు మడత పెట్టి, దారంతో కుట్టకుండా చుట్టూ టిచ్చు బటన్లు వేశాడు. విప్పితే చీలమండల దాకా, నొక్కితే జాయింటు దాకా. ఇంట్లోంచి నిండుగా బయలుదేరి, ఆఫీసు బాత్రూములో నొక్కుకుని, సాయంత్రం మళ్లీ విప్పుకుని ఇల్లు చేరడం. మేడమ్ రాకముందే రెండు మూడు రోజులు వేసుకుని సాధన చేశాను. నాయన చూసి నిండుగ ఉన్నదన్నాడు. స్కేలు సారు దూరం నుంచి స్కేలు గాల్లో పట్టుకుని, ఒక కన్ను మూసి, పాస్ అన్నాడు. ఇద్దరినీ ఒకే గుడ్డతో ఒప్పించానని లోలోపల నాకు ఒకటే గర్వం.

మేడమ్ వచ్చిన రోజు కారు తలుపు తెరుచుకుంది. దిగింది నేత చీర. స్కేలు సారు మొహంలో రక్తం లేదు. అయినా తట్టుకుని ఆమెను హాల్లోకి తీసుకుపోయి స్టేజీ ఎక్కించాడు. పూలగుచ్ఛం ఇవ్వడానికి నేను జాయింటు పొడవు స్కర్టులో ముందుకు నడిచాను. సరిగ్గా అప్పుడే హాలు తలుపు దగ్గర మా నాయన కనిపించాడు. ట్రైనీల తల్లిదండ్రులను భోజనానికి పిలవమని పైనుంచి ఆర్డరు వస్తే సారే ఫోన్ చేశాడట, నాతో ఒక్క మాట అనలేదు. నాయన చేను నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ధోతి మోకాళ్ల పైకి ఎగ్గట్టి ఉంది. మా చూపులు కలిశాయి. నా చెయ్యి దానంతటదే పోయి స్కర్టును కిందికి గుంజింది. టప్, టప్ మని కుడివైపు బటన్లన్నీ ఊడిపోయాయి. కుడివైపు చీలమండ దాకా సంప్రదాయం, ఎడమవైపు మోకాలి దాకా ఫార్మల్.

ఇదేమిటని మేడమ్ వచ్చీరాని తెలుగులో అడిగింది. స్కేలు సారు ముందుకొచ్చి, ఇది మన ఫార్మల్ పాలసీ మేడమ్, ఆఫీసులో చీరలకు అనుమతి లేదు అని గబగబా అప్పజెప్పి, అప్పుడు ఆమె చీర వైపు చూశాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మినహాయింపు ఉందని తొందరగా చేర్చాడు.

"నా మోకాళ్లు బాగానే ఉన్నాయండీ" అన్నది మేడమ్.

అందరూ నవ్వారు, నేను తప్ప. నా కళ్లు నాయన మీదే ఉన్నాయి. ఆయన నా కాళ్ల వైపు చూశాడు, తన కాళ్ల వైపు చూసుకున్నాడు, గోడవారకు జరిగి ఎగ్గట్టిన ధోతిని మెల్లగా కిందికి వదిలాడు.

సాయంత్రం బండి మీద ఇంటికి పోతూ, ఇక నౌకరీ అయిపోయిందనుకుని నేను వెనక కూర్చుని చప్పుడు లేకుండా ఏడుస్తున్నాను. చాలా దూరం పోయాక నాయన అన్నాడు, "గంతమందిల నా మోకాళ్లు ఒక్కడు సూడలే బిడ్డా. నీయి అందరు జూసిన్రు." మా వీధి మలుపు తిరిగాక, "రేపు పోయేటప్పుడు నీకేది మంచిగనిపిస్తే అదే ఏస్కపో. ఆ చాచాకు జెప్పి నా ధోతికి గూడ గా బటన్లు కుట్టియ్యి, చేన్లకు మస్తుంటయ్" అన్నాడు.

మరుసటి వారం చీర పరమ ఫార్మల్ అని నోటీసు అంటించారు. బటన్ల అమ్మాయిని వదులుకోవద్దని మేడమ్ పోతూ పోతూ అన్నదట, కుర్చీ నాకే దక్కింది.

స్కేలు సారు రిటైరయ్యాక ఆయన గది నాకు వచ్చింది. నాకూ షుగరొచ్చింది, చీర కింద హవాయి చెప్పులే. మొన్న కొత్త ట్రైనీ పిల్ల, చీలమండల పైనే ఆగిపోయిన ప్యాంటుతో నా గదిలోకి వచ్చింది. నేనేమీ అనలేదు, ఒట్టు. కానీ నా కన్ను ఒకటి దానంతటదే మూసుకుందట. "ఇది ఫార్మల్ కాదా మేడమ్?" అని ఆ పిల్ల భయంగా అడిగింది.

"పైనుంచి వచ్చేవాళ్లు ఏం కట్టుకొస్తారో కనుక్కుని చెప్తానమ్మా. అప్పటిదాకా పోయి నీ కుర్చీలో కూర్చో" అన్నాను.

పోయి కూర్చుంది. కిటికీ పక్కన, అదే కుర్చీ. ఎవరూ చూడట్లేదనుకుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిరిగింది. నేను రెండు కళ్లూ తెరిచి చూశాను.