అర్ర నడుమ గుంజ

మా పెద్దబాపు పోయిన కబురు వచ్చినప్పుడు నేను షాపులో ఎవరిదో పట్టా పాస్‌బుక్ జిరాక్స్ తీస్తున్నాను. కరీంనగర్‌లో కలెక్టరేట్ దగ్గర మాదొక చిన్న జిరాక్స్ షాపు. ఫోన్లో పెద్దవ్వ గొంతులో ఏడుపు లేదు.

"అర్ర కప్పు కట్టెతోని కొట్టి చూసొస్తనని పోయిండు బిడ్డా. చాయ్ చల్లగైంది, ఇంకా వస్తలేడేందని పోయి చూస్తే అర్ర ముందర బండ మీద కూసోనే ఉన్నడు. కట్టె చేతులనే ఉన్నది."

మిషన్ తన మానాన తాను కాగితాలు కక్కుతూనే ఉంది. రెండు కాపీలు అడిగినాయన నా ముఖం చూసి, తనే చెయ్యి పెట్టి స్విచ్ ఆపాడు.

ఏ అర్ర ముందర అని నేను అడగలేదు. నాకు తెలుసు. ఆ పొద్దున ఆయన ఆ అర్ర కప్పు చూడబోవడానికి కారణం నేనే. ఆదివారం మా బాపును వెంటబెట్టుకొని వస్తానని రెండు రోజుల ముందే ఫోన్లో చెప్పాను. అది అబద్ధం. బాపును నేను అడగనైనా లేదు.

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఉద్యోగమంతా బొగ్గుబాయిలో చేశాడు. భూమి లోపల కప్పు కూలకుండా దాని కింద కట్టెలు నిలబెట్టే పని. పిల్లలు లేరు. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్లో ఆయనా, ఆయన భార్య పెద్దవ్వా ఉండేవాళ్లు. ఉండేవాళ్లని పేరుకే గానీ ఆ ఇల్లు ఎప్పుడూ మా చుట్టాలదే. ఆస్పత్రికి వచ్చినవాళ్లు, పరీక్షలు రాయవచ్చినవాళ్లు, పిల్లను చూసుకోవచ్చినవాళ్లు, ఏ పనీ లేక ఊరికే వచ్చినవాళ్లు. గోడ నుంచి గోడ దాకా మనుషులు పడుకునేవాళ్లు. షిఫ్టు దిగి వచ్చిన పెద్దబాపుకు నడుం వాల్చే జాగా ఉండేది కాదు. గడప మీద కూర్చుని, వీపు తలుపుకు ఆనించి నిద్రపోయేవాడు. చిన్నప్పుడు సెలవులకు పోయిన నేను ఆయన కాళ్లు దాటుకుంటూ లోపలికీ బయటికీ తిరిగేదాన్ని. ఒకసారి కాలు తగిలి లేచి, నన్ను తిట్టకుండా, "మనిషికి తలుపేసుకొని పండుకునే జాగ ఉండాలె బిడ్డా. ఎంత చిన్నదైనా సరే," అన్నాడు.

రిటైరై బోథ్ దగ్గర మా ఊరి చేనుకు తిరిగొచ్చాక ఆయన చేసిన మొదటి పని అదే. నీళ్ల బాయి పక్కన, నల్లరేగడిలో, చుట్టాల కోసం వరుసగా ఆరు అర్రలు కట్టాడు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఒక్కోదాంట్లో ఒక మంచం, ఒక కూజా, అంగీ తగిలించుకునే మేకు, పత్తి చేను కనబడే కిటికీ. ఎవరి తలుపు వాళ్లకు, ఎవరి తాళం వాళ్లకు. ఇద్దరు చెల్లెళ్లకు రెండు. భైంసాలో ఉన్న పెద్దవ్వ వాళ్లన్నకు ఒకటి. నాకొకటి. అనుకోకుండా వచ్చేవాళ్లకు ఒకటి. చివరిది మా బాపుకు.

ప్రతి అర్ర నడిమధ్యలో ఒక టేకు గుంజ పాతించాడు. పైన టేకు దూలం, దాని మీద రేకులు. దూలాన్ని గోడలే మోస్తాయి, గుంజతో పని లేదు. మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. "కాకా, మంచం ఎటు తిప్పినా అడ్డమొస్తది. గీ గుంజ ఎందుకే?"

"గోడ ఏం చెప్పది. కట్టె చెప్తది," అన్నాడు పెద్దబాపు.

బొగ్గుబాయిలో కప్పు కూలేముందు కట్టె కిర్రుమంటుందట. ఆ చప్పుడు విన్నవాడు బతుకుతాడు. ముప్పై ఏండ్లు చెవులతో బతికిన మనిషికి, కట్టె లేని కప్పు కింద చుట్టాలను పడుకోబెట్టడానికి మనసు ఒప్పలేదు. ఎవరైనా వస్తున్నారంటే చాలు, ఒక పొడుగాటి కట్టె పట్టుకుని ఆ అర్రలోకి పోయేవాడు. ఎడమ చెవి గుంజకు ఆనించి, కళ్లు మూసుకుని, కట్టెతో దూలాన్ని రెండుసార్లు కొట్టేవాడు. ఆగేవాడు. ఇంకొక్కసారి కొట్టేవాడు. అప్పుడు బయటికొచ్చి, "ఏం చెప్తలేదు. ఫికర్ లేకుంట పండుకోండ్రి," అనేవాడు. "మేం పండుకునేతందుకు వచ్చినం అన్నా, బొగ్గు తవ్వనీకి కాదు," అని మా మేనత్తలు ఎక్కిరించేవాళ్లు. ఆయన వాళ్లకంటే ఎక్కువ నవ్వేవాడు.

మాపటేళ ఆరు అర్రల్లోనూ లైట్లు వేసేవాడు. అందులో ఒక్క మనిషి లేకపోయినా సరే. పెద్దవ్వ గొణిగితే, "సుట్టం రోడ్డు దిగంగనే కనబడాలె, నాకోసం లైటేసి ఉంచిన్రు అనుకోవాలె," అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ రోడ్డు దిగినవాళ్లు తక్కువ. వచ్చినా పొద్దున వచ్చి, బువ్వ తిని, ఫోన్ సిగ్నల్ లేదని పిల్లలు సతాయిస్తుంటే ఆఖరి బస్సుకు పోయేవాళ్లు. నేనూ అంతే. ఇన్నేళ్లలో నా అర్రలో పడుకున్నది నాలుగైదు రాత్రులు. పడుకున్న ప్రతిసారీ ఆ గుంజకు నుదురు కొట్టుకుని ఆయన్ను తిట్టుకున్నాను కూడా.

ఇప్పుడు మా బాపు సంగతి చెప్పాలి. చెప్పబుద్ధి కావడం లేదు గానీ చెప్పకపోతే ఇది రాయడమే దండుగ.

అన్న బొగ్గుబాయిలో ఉన్నన్నాళ్లూ ఆ చేను చేసింది బాపే. ఆ పాత ఇంట్లో ఉన్నదీ, మా అవ్వ, అంటే అమ్మ, పోయాక ఒంటరిగా వండుకు తిన్నదీ ఆయనే. గుంజల కోసం కొట్టిన టేకు చెట్లు గట్టు మీద ఆయన చేత్తో నాటినవి. కండ్ల ఆపరేషన్‌కని నెల రోజులు కరీంనగర్లో నా దగ్గర ఉండి తిరిగిపోయేసరికి గట్టు మీద చెట్లు లేవు, బాయి పక్కన పునాదులు లేచాయి. అన్న ఎదురొచ్చి, భుజం మీద చెయ్యేసి, చివరి అర్ర పునాది దగ్గరికి తీసుకుపోయాడు. "ఇది నీది తమ్మీ. నువ్వు ఎప్పుడొచ్చినా నీ అర్ర నీకు ఉంటది."

పెద్దబాపు మనసులో ఏ కల్మషమూ లేదు. పాత ఇంట్లోకి తామిద్దరూ వచ్చారు కాబట్టి తమ్ముడికి మొహమాటం ఉండొద్దని, తనకూ ఒక తలుపు ఉండాలని. నేను పక్కనే ఉన్నాను, ఆయన ముఖంలో ఉన్న సంతోషం చూశాను. బాపు కూడా, "మంచిగుంది అన్నా," అన్నాడు. మర్నాడు పొద్దున సంచి పట్టుకుని నాతో పాటు బస్సెక్కాడు. బస్సు నిర్మల్ దాటింది. తర్వాత కిటికీలోకి చూస్తూ అన్నాడు.

"ఎప్పుడొచ్చినా అంటుండు. నేనెన్నడు పోయిన్నని బిడ్డా, వచ్చుడు?"

ఆ మాట అన్నకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు.

పెద్దబాపు వారం వారం ఫోన్ చేసేవాడు. బాపు ఎదురుగానే కూర్చుని ఉంటే నేను, "తానం చేస్తుండు" అనేదాన్ని, "బజారుకు పోయిండు" అనేదాన్ని. ఆయన అడిగేది ఒకటే. "ఏమన్న అన్నడా?" ఏమీ అనలేదని చెప్పేదాన్ని. "గదే నాకు పరేషాన్. కట్టె పడేముందు చెప్తది. వీడు చెప్పకుంటనే పాయె. నేను గాని ఇనలేదా, ఏంది?"

బాపు చెప్పింది నాకు. వినిపించాల్సింది నేను. ఒట్టు అని పేరు పెట్టుకున్నాను గానీ, అసలు సంగతి వేరే. ఆ మాట చెబితే ఆయన కట్టిన ఆరు అర్రలూ ఆయన నెత్తిన కూలతాయని భయపడ్డాను. అందుకే తేలికగా ఉంటుందని అబద్ధాలకు అలవాటు పడ్డాను. వచ్చే ఆదివారం తీసుకొస్తా పెద్దబాపూ. పత్తి ఏరుడు కాంగనే తీసుకొస్తా. ప్రతిసారీ ఆయన ఆ అర్ర ఊడిచి, కూజాలో నీళ్లు మార్చి, దూలం కొట్టి చూసేవాడని పెద్దవ్వ చెప్పేది. ఎన్ని ఆదివారాలో నాకే లెక్క తెలియదు. చివరిసారి కూజా నిండుగా ఉంది. నేను చూశాను.

తలకొరివి బాపే పెట్టాడు. పిల్లలు లేని మనిషికి తమ్ముడే గదా. పాడె ముందు నడుస్తున్నప్పుడు ఏడవలేదు, బూడిద ఎత్తుతున్నప్పుడు ఏడవలేదు. దినాలయ్యేదాకా అక్కడే ఉన్నాడు గానీ పాత ఇంట్లో పడుకోలేదు, తన అర్రలోనూ పడుకోలేదు. ఎప్పుడో ఎడ్లు కట్టేసిన ఖాళీ కొట్టంలో, గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. ఆ పదకొండు రోజులూ చుట్టాలందరూ వచ్చారు. మొదటిసారి అన్ని అర్రలూ నిండాయి, చివరిది తప్ప. ఆ సందడి చూస్తుంటే నాకు కోపం వచ్చింది. బతికున్నప్పుడు రాలేదు గదా అని మా మేనత్తల మీద విసుక్కున్నాను. వాళ్ల మీద ఎందుకు, నా మీద విసుక్కోవాలి.

ఆ రోజుల్లో నాకు నా చెవుల మీద నమ్మకం పోయింది. అంట్లు తోముతుంటే, నీళ్లు తోడుతుంటే, రెండు దెబ్బలూ, కాసేపటికి ఒక దెబ్బా వినిపించేవి. రేకుల మీద తొండ పాకిందేమో, ఎండకు రేకు సాగిందేమో. తల తిప్పి చూసేదాన్ని. ఎవరూ ఉండేవాళ్లు కాదు. నాలుగోనాడు తట్టుకోలేక పెద్దవ్వ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. బస్సులో బాపు అన్న మాట, నా ఒట్టు, నా ఆదివారాలు, అన్నీ. ఆమె బియ్యం ఏరుతోంది. చేతులు ఆగలేదు. అంతా విని, "మట్టిపెడ్డలు మస్తున్నయి గీ బియ్యంల," అని మాత్రం అంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లోని ఆడమనిషిని, దినాలు కాగానే, అయినవాళ్లు తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి నిద్ర చేయిస్తారు. వేరే గడప లోపల ఒక నిద్ర తీసి వస్తేనే మళ్ళీ ఆ ఇంట్లో బతుకు మొదలవుతుంది. దినాలు కాగానే మిగతా చుట్టాలంతా వెళ్లిపోయారు. పెద్దవ్వను తీసుకుపోవడానికి వాళ్లన్న భైంసా నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చాడు. ఆమె పక్కబట్టలు చుట్టుకుని బయటికొచ్చింది. ఆటో ఎక్కలేదు. కొట్టం ముందుకు పోయి నిలబడింది.

"నేను నీ ఇంట్ల నిద్ర చేస్తనయ్యా," అంది బాపుతో.

బాపు తడబడుతూ లేచాడు. "కరీంనగరం వస్తవా వదినె? రా, పోదాం."

"అది నీ బిడ్డ ఇల్లు. నీ ఇంట్ల."

"నాకేడున్నది వదినె ఇల్లు?"

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి ఆయన ముందు పట్టుకుంది. వాళ్లన్నకు ఇది నచ్చలేదు. "ఒక్క జాగలనే నిద్ర ఎట్లయితది చెల్లె? గడప మారాలె గదా. నలుగురు ఏమంటరు?"

"మారుతది. ఆ గడప లోపల ఇంకెవ్వలు నిద్ర చెయ్యలే," అందామె, ఆయన వైపు చూడకుండానే. మళ్ళీ బాపుతో, మెల్లగా, "నిన్ను సుట్టాన్ని చేసినమని బాధపడ్డవంట. మీ అన్నకు తెల్వలే. తెలిస్తే కాళ్లు పట్టుకుంటుండె. ఇయ్యాల నేనే సుట్టాన్నైన. నీ గడపకు వచ్చిన. పిలుస్తవా, భైంసా పొమ్మంటవా?"

బాపు నా వైపు చూశాడు. ఒట్టు తప్పినదాన్ని, తల దించుకున్నాను. ఆయన తాళంచెవి తీసుకుని చేను గట్టు వైపు పోయాడు. చెట్లు కొట్టేసిన మొదళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఆటో డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. పెద్దవ్వ ఆ అర్ర ముందరి బండ మీద, పెద్దబాపు ఆఖరిసారి కూర్చున్న చోటనే, పక్కబట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను చూడలేక నా అర్రలోకి పోయి తలుపేసుకున్నాను.

పొద్దు గూకుతోంది. అప్పుడు వినిపించింది. రెండు దెబ్బలు. తర్వాత ఒకటి.

ఈసారి తొండ కాదు, రేకు కాదు. కట్టె మీద కట్టె. ఒక్క క్షణం, మీరు నవ్వినా సరే, ఆయనే వచ్చాడనుకున్నాను. ఆదివారం ఎవరో వస్తున్నారు, కప్పు చూసుకుంటున్నాడు అనుకున్నాను. ఏడుస్తూ తలుపు తీసి బయటికి పరుగెత్తాను.

ఐదు అర్రలు చీకటిగా ఉన్నాయి. చివరి దాంట్లో లైటు వెలుగుతోంది. లోపల బాపు, చేతిలో అన్న కట్టె. ఎడమ చెవి గుంజకు ఆనించి, కళ్లు మూసుకుని, అచ్చం అలాగే. ఆయనకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. పెద్దవ్వ గడప బయట నిలబడి ఉంది.

"ఏమన్న చెప్తుందా?" అని అడిగింది.

బాపు కళ్లు తెరవలేదు. "ఏం చెప్తలేదు వదినె. మంచిగుంది. లోపలికి రా."

ఆమె గడప దాటి మంచం మీద పక్క పరుచుకుంది. కూజాలోంచి నీళ్లు ముంచుకుని తాగింది. బాపు మళ్ళీ కొట్టాడు, రెండుసార్లు, ఆగి ఒకసారి. దూలం గట్టిగానే ఉంది, అది ఆయనకూ తెలుసు. అయినా గుంజ మీది నుంచి చెవి తీయలేదు.