మిరపపండు రంగు కారుకు అన్ని కాలాల టైర్లు

మా ఆయన ఆ కారు ఇంటికి తెచ్చిన సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాళ్లు సగం మంది సెల్లారులోకి దిగి వచ్చి చూశారు. మిరపపండు రంగు. రెండే తలుపులు, రెండే సీట్లు. నేలకు పొట్ట ఆనించి పడుకున్నట్టు అంత కిందికి ఉండేది. మూడో అంతస్తు ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి, "మరి వెనకాల ఎవరు కూర్చుంటారండీ?" అని నన్ను అడిగింది. ఎవరూ కూర్చోరని చెప్పాను. ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

మా ఆయనది నల్లగొండ వైపు పల్లె. మీసాలు రాకముందే లారీ మీద క్లీనరుగా ఈ ఊరొచ్చారు. తర్వాత ఒకరింట్లో డ్రైవరు. ఆ తర్వాత సొంత టాక్సీ, ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో మూడు టాక్సీలు తిప్పుతున్నారు. ఇన్నేళ్లూ ఆయన బండి నడిపింది ఇతరుల కోసమే. వాళ్లు చెప్పిన చోటికి, వాళ్లు చెప్పిన దారిలో, వాళ్లకు నచ్చిన పాటలు వింటూ. మాకు ఎప్పటినుంచో తెలిసిన ఒక కస్టమరు తన స్పోర్ట్స్ కారును అమ్మేస్తానన్నప్పుడు ఆయన చాలా రోజులు ఆలోచించారు. దానికన్నా నాలుగో టాక్సీ కొంటే ఇంటికి పనికొస్తుంది కదా అన్నాను నేను. తెనాలి పక్క పుట్టి, స్కూలు పిల్లలకు లెక్కలు చెప్పుకునేదాన్ని, నాకు అలాగే తోచింది.

"నిజమే," అన్నారాయన. "గని ఒక్క బండి నాకోసం నడపాలనుంది," అన్నారు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన తనకోసం ఏదైనా అడగడం నేను వినలేదు. నాలుగో టాక్సీ మాట అక్కడితో వదిలేశాను.

ఆ కారును ఆయన వేగంగా నడుపుతారనుకున్నాను. నడపలేదు. చైతన్యపురి వీధుల్లో ప్రతి స్పీడ్ బ్రేకరునూ ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున, చంటిపిల్లను మెట్లు దింపినట్టు దాటించేవారు. వెనక ఆటోలు హారన్లు కొట్టినా తొందరపడేవారు కాదు. ఖాళీ రోడ్డు దొరికినప్పుడు మాత్రం ఒక మలుపు తిప్పి, స్టీరింగు చేతికి ఎలా జవాబు చెబుతోందో చూసుకుని, తనలో తాను నవ్వుకునేవారు. ఆదివారం పొద్దున్నే సరూర్‌నగర్ స్టేడియం పక్కకు తీసుకెళ్లి నాకూ నేర్పేవారు. నాకు లైసెన్సు ఎప్పుడో వచ్చింది కానీ స్కూటీ తప్ప నడిపింది లేదు. మా స్కూలు పెద్ద అంబర్‌పేట్‌లో. ఎల్‌బీ నగర్ దాకా మెట్రో, అక్కణ్నుంచి బస్సు. వానాకాలం వచ్చిందంటే ఆ బస్సు కోసం నిలబడటం నాకు పెద్ద గండం. స్టీరింగు చేతికి అలవాటయ్యేసరికి, ఈ కారులో స్కూలుకు వెళ్తే ఎలా ఉంటుందా అని మనసులో ఒక ఊహ కూడా మొదలైంది.

ఆ ఏడు మొదటి పెద్ద వాన పడిన రోజు మేం చౌటుప్పల్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్లి వస్తున్నాం. ఆయనే నడుపుతున్నారు. లారీ రోజుల్లో తనకు వంట నేర్పిన పాత డ్రైవరు సంగతి చెబుతున్నారు. హయత్‌నగర్ దగ్గర పడుతుండగా వాన ఎదుటి బండి కనపడనంతగా కమ్మింది. డివైడరు పక్కన నీళ్లు నిలిచాయి. ఉన్నట్టుండి చక్రాల చప్పుడు ఆగిపోయింది. రోడ్డు మా కింద లేనట్టయింది. కారు ముక్కు మెల్లగా, మా ప్రమేయం లేకుండా, కుడివైపు డివైడరు మీదికి తిరగడం మొదలుపెట్టింది.

నేను డోరు పట్టుకున్నాను. ఆయన బ్రేకు తొక్కలేదు. కాలు ఎక్సలేటరు మీంచి తీసేసి, స్టీరింగును నిటారుగా పట్టుకుని, వేచి ఉన్నారు. నాకు బాగా గుర్తు, ఆయన మాట ఆపలేదు. "గప్పుడాయన ఏమన్నడంటే..." అంటూ ఆ వాక్యాన్ని అలాగే, అదే గొంతుతో, ముందుకు నడిపించారు. నేను భయపడి స్టీరింగు మీద చెయ్యి వేస్తానేమోనని నన్ను ఆ మాటతో పట్టుకుని కూర్చోబెట్టారని తర్వాత అర్థమైంది. చక్రాలకు మళ్లీ రోడ్డు తగిలింది. కారు ఒక్క కుదుపు కుదిపి తిన్నగా అయింది. ఆయన నెమ్మదిగా పక్కకు తీసి, ఒక టీకొట్టు ముందు ఆపారు.

"మీకు భయం వేయలేదా?" అన్నాను.

"ఏసింది. మస్తు భయమేసింది," అన్నారు. నా ముందు ధైర్యం నటించాలని ఆయనకు ఎప్పుడూ ఉండదు. ఆ మనిషి నాకు నచ్చడానికి అదొక కారణం.

మర్నాడు సెల్లారులో ఆయన మోకాళ్ల మీద కూర్చుని నాలుగు టైర్లూ చూశారు. నీళ్లు పోయేందుకు రబ్బరులో ఉండే చాళ్లు లోతుగానే ఉన్నాయి. కారు పెద్దగా తిరగలేదు కదా. కానీ నొక్కి చూస్తే రబ్బరులోకి గోరు దిగలేదు. పక్కన అచ్చువేసి ఉన్న అంకెలు నాకు చూపించారు. ఆ నాలుగంకెల్లో మొదటి రెండూ టైరు పుట్టిన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ కస్టమరు ఇంటి సెల్లారులో కవరు కింద ఏళ్ల తరబడి కూర్చున్న కారుకు టైర్లు కూడా కూర్చునే ముసలివయ్యాయి.

"చాళ్లున్నయి గని రబ్బరు సచ్చిపోయింది," అన్నారు. "టాక్సీలకైతే ఎన్నడో చూస్తుంటి. దీని రంగు చూసి మోసపోయిన."

నేను ఆ రోజు నుంచి ఆ స్టీరింగు ముట్టుకోలేదు. నాకు తలనొప్పి అనో, పేపర్లు దిద్దాలనో ఆదివారాలు తప్పించుకున్నాను.

టైర్ల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపుకు వెళ్లాం. యజమాని అరవై దాటిన కోస్తా మనిషి, మా వైపు వాడేనని మాటలోనే తెలిసింది. కారుకు వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు. ఆ కొలతల్లో దొరికేవి రెండు రకాలేనన్నాడు. మొదటిది తెచ్చి మా ముందు నిలబెట్టాడు. వెడల్పాటి భుజాలు, తక్కువ చాళ్లు, నిగనిగలాడే నలుపు.

"ఇలాంటి బండికి వేసేది ఇదేనండి. మెత్తటి రబ్బరు. మలుపులో రోడ్డును వదలదు."

మా ఆయన దానిమీద అరచేయి వేసి నిమిరారు. అది ఆయన ఫోన్‌లో ఎన్నోసార్లు చూసుకున్న టైరు అని నాకు తెలుసు. అన్నం తింటూ కూడా చూసేవారు.

"ఇంకోటి?" అన్నారు.

రెండోదాని చాళ్లు లోతుగా ఉన్నాయి. ఆ చాళ్ల మధ్య బ్లేడుతో గీసినట్టు సన్నటి గాట్లు. "దీన్ని ఆల్-సీజన్ అంటారండి. అంటే అన్ని కాలాలకీ అని. నిజం చెప్పాలంటే అది మంచు పడే దేశాల వాళ్లు పెట్టుకున్న పేరు. మనకి మంచెక్కడిదండి?"

"మనకు ఎండ, వాన, గుంతలు. మూడు కాలాలు," అన్నారు మా ఆయన. షాపాయన నవ్వాడు.

"జర సరిగ చెప్పండి సార్. కొత్తల అన్నీ మంచిగనే ఉంటయి. సగం అరిగినంక, వానల, రెండిట్ల ఏది నయం?" అని అడిగారు మా ఆయన.

అమ్మేవాడికి అది సుఖమైన ప్రశ్న కాదు. మొదటిది ఖరీదు కూడా ఎక్కువే. అయినా షాపాయన దాచలేదు. "మెత్తటిది కొత్తలో వానలో కూడా బాగుంటుందండి. కానీ తొందరగా అరుగుతుంది. చాళ్లు తగ్గాయంటే నీళ్లను పక్కకి తొయ్యలేదు. రెండోది నిదానంగా అరుగుతుంది, నీళ్లను తోస్తుంది. కాకపోతే ఎండాకాలంలో కాస్త మెత్తబడుతుంది. స్టీరింగు తిప్పితే మొదటిదంత చురుగ్గా వినదు. మీకా సంగతి వెంటనే తెలుస్తుంది. మామూలువాళ్లకి తెలియదు."

మా ఆయన చాలాసేపు రెండు టైర్ల మధ్యా నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగి, "వానపడ్డనాడు నువ్వు స్కూలుకు దీంట్లనే పోతవు గదా?" అన్నారు.

నేను గతుక్కుమన్నాను. ఆ ఊహ నేను ఆయనకు చెప్పలేదు. "నేను నడపనండీ ఇంక," అన్నాను మెల్లగా.

"నడుపుతవు. ఇప్పుడే గాదు, నీకు మనసైనప్పుడు," అన్నారు. షాపాయనతో, "రెండోదే ఎయ్యండి సార్. ఎండల మలుపుంటే నేనే మెల్లగ తిప్పుకుంట. వానల మెల్లగ పోయినా జారేటిది మాకొద్దు," అన్నారు.

షాపాయన ఒక క్షణం నన్ను చూసి, "అలాగేనమ్మా," అన్నాడు, నేనేదో అడిగినట్టు.

వెనక టైర్లు తెప్పించాల్సి వచ్చింది. అవి వచ్చేదాకా కారు సెల్లారులోంచి కదల్లేదు. వచ్చాక, బిగించకముందే ఒక్కోదాని అంకెలూ చూశారు. ఒకటి మిగతావాటికంటే బాగా పాతది. ఆయన గొడవపడలేదు. వేలు దానిమీద పెట్టి చూపించారు. షాపాయన కళ్లజోడు పెట్టుకుని చూసి, తప్పు ఒప్పుకుని, ఇంకొకటి తెప్పించాడు. మేం ఇంకో రెండు రోజులు ఆగాం.

టైర్లు వేశాక మొదటిసారి ఔటర్ రింగు రోడ్డు దాకా వెళ్లి వచ్చాం. పొడి రోడ్డు. ఆయనకు ఇష్టమైన మలుపు దగ్గర స్టీరింగు తిప్పి, ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు కానీ నేను చూస్తూనే ఉన్నాను.

"ఎలా ఉంది?"

"జర మెత్తగున్నది. చెప్పంగనే ఇంటలేదు."

"మార్చుకుందామా?"

"ఎందుకు? తెలిసే తీసుకున్నం గదా," అన్నారు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన సుఖంలో కొంత ఇచ్చేసి, ఇచ్చానని ఒక్కసారైనా గుర్తు చేయని మనిషిని దగ్గరగా చూస్తూ బతకడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం.

ఒక ఆదివారం వాన పడుతుంటే ఆయనే తాళాలు నా చేతిలో పెట్టారు. స్టేడియం దగ్గర ఒక ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లి, ముందూ వెనకా ఎవరూ లేరని దిగి చూసి వచ్చి, తడిసిన చొక్కాతోనే పక్కన కూర్చున్నారు.

"మెల్లగనే పో. నేను చెప్పంగనే బ్రేకు గట్టిగ తొక్కు."

"జారితే?"

"జారితే ఏం జెయ్యాల్నో ఇద్దరికీ ఎరుకే. తొక్కు."

తొక్కాను. చక్రాలు బిగుసుకోకుండా కారే పట్టి వదులుతున్నట్టు, బ్రేకు పెడల్ కాలికింద దడదడలాడింది. కారు తిన్నగా, ఎక్కడా పక్కకు తిరక్కుండా ఆగింది. మళ్లీ తొక్కమన్నారు. మళ్లీ ఆగింది. నాకు చాలనిపించేదాకా ఆయన చాలనలేదు. ఇంటికి వచ్చేటప్పుడు నా భుజాలు బిగుసుకుని లేవని గమనించాను.

ఆ తర్వాత వారంలో ఒక పొద్దున ముసురు పట్టింది. స్కూలుకు నేనే నడిపాను, ఆయన పక్కన కూర్చున్నారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సులు నా కిటికీకి రెండింతల ఎత్తున ఉన్నాయి. వనస్థలిపురం దాటేదాకా ఆయన లేన్లు చెబుతూ వచ్చారు. తర్వాత మాట వినపడలేదు. ఏమైందా అని ఓరగా చూశాను. తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు.

ఎవరు నడిపినా పక్క సీట్లో ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. మా టాక్సీల డ్రైవర్లు ఆ విషయం చెప్పుకుని నవ్వుకుంటారు కూడా. ఆ కాలు ఇప్పుడు కదలకుండా పడి ఉంది. హయత్‌నగర్ దగ్గర డివైడరు పక్కన నీళ్లు నిలిచి ఉన్నాయి. నేను ఎక్సలేటరు మీంచి కాలు కాస్త ఎత్తాను. నీళ్లు రెండు వైపులా చీలి పడ్డాయి. స్టీరింగు నా చేతుల్లో బరువుగా, నిలకడగా ఉంది.

స్కూలు గేటు ముందు ఆపితే ఆయనకు మెలకువ వచ్చింది. "ఒచ్చినమా?" అన్నారు.

"వచ్చాం. బెల్లు కొట్టడానికి ఇంకా టైముంది. కాసేపు పడుకోండి," అన్నాను.

ఆయన సరేనని మళ్లీ కళ్లు మూసుకున్నారు. నేను వైపర్లు ఆపేసి, వాన చప్పుడు వింటూ పక్కన కూర్చున్నాను.