అందరూ ‘లేదు’ అని పెట్టిన ఫారం

నాకు ఓపిక తక్కువ. పరిశోధన పనిలో ఉన్నవాళ్లకి ఉండకూడని జబ్బు అది. అమెరికాలో మోరిస్‌విల్ దగ్గర ఒక ఆరోగ్య పరిశోధన కేంద్రంలో నా ఉద్యోగం, ఆడవాళ్ల చేత ప్రశ్నపత్రాలు నింపించి తేవడం. ఆ ఏడాది తీసుకున్న అంశం, దగ్గినా తుమ్మినా నవ్వినా మూత్రం జారిపోయే బాధ. కాన్పుల తరవాతో, వయసు మీద పడ్డాకో చాలామందికి వచ్చేదే. మన తెలుగు ఆడవాళ్లలో ఎందరికి ఉందో ఎవరూ అడిగినట్టు లేదు, నువ్వు అడుగు అన్నారు మా డాక్టర్‌గారు.

నెలంతా తిరిగినా ముగ్గురు దొరకలేదు. ఫోన్ చేస్తే “మా వారిని అడిగి కాల్ బ్యాక్ చేస్తానండీ” అనేవారు. మళ్లీ ఫోనుండేది కాదు. అప్పుడు ఆదుకున్నది ఆంటీ. నాకు చుట్టం కాదు, మా చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ ఆవిడ ఆంటీయే. నేను పుట్టకముందే ఈ దేశం వచ్చి, రిటైరయ్యేదాకా ఒక లైబ్రరీలో పనిచేసిన గోదావరి మనిషి. ఎవరింట్లో పూజైనా ఆవిడ రానిదే దీపం వెలిగించరు.

“నీ కాయితాలు పట్టుకుని శుక్రవారం మా ఇంటికి వచ్చెయ్యి. వరలక్ష్మీ వ్రతానికి అందరూ వస్తారు” అన్నారు.

హారతి అయ్యాక ఆవిడే అందర్నీ తివాచీ మీద గుండ్రంగా కూర్చోబెట్టి పెన్నులు పంచారు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ప్రశ్నా పైకి చదివి తెలుగులో చెప్పారు. “ఇదిగో, తుమ్మితే జారుతుందా అంటున్నారు. మనకిలాంటివేం లేవులే, లేదని పెట్టెయ్యండి” అని నవ్వారు. అందరూ నవ్వారు. నేను ఓ మూల కూర్చుని పులిహోర తింటూ, నెల పని ఒక్క సాయంత్రంలో తెమిలిందని మురిసిపోయాను. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగాలని శిక్షణలో మొదటిరోజే చెప్పారు. అది నాకు బాగానే గుర్తుంది. గుర్తులేనట్టు ఊరుకున్నాను.

ఏ ఫారం తీసినా లేదు, లేదు, లేదు. ఇదో కొత్త సంగతని మా డాక్టర్‌గారు సంబరపడిపోయారు. ఆడవాళ్ల ఆరోగ్యం మీద వేరే రాష్ట్రంలో జరిగే సదస్సులో మా లెక్కలన్నీ అచ్చేసిన పోస్టరు పెడదామన్నారు. సాయం చేసినవాళ్లలో ఒకరిని కూడా వెంట తీసుకురమ్మని సదస్సువాళ్లు రాశారు. ఇంకెవరు, ఆంటీయే.

ఐదు గంటల డ్రైవ్. ఆంటీ పొద్దుటినుంచి కాఫీ కూడా ముట్టుకోలేదు. పైగా గంటకోసారి, హైవే పక్క బాత్రూములుండే రెస్ట్ ఏరియాలో ఆపమనేవారు. “కాళ్లు పట్టేస్తున్నాయమ్మా, నాలుగడుగులు వేసొస్తా” అని లోపలికి వెళ్లేవారు. మూడుసార్లు లోలోపల విసుక్కున్నాను. నాలుగోసారి పైకే విసుక్కున్నాను.

హోటల్లో ఇద్దరికీ ఒకటే గది. పోస్టరు చుట్టిపెట్టిన గొట్టాన్ని మూలన నిలబెట్టి ఇటు తిరిగేసరికి, ఆంటీ తన మంచం మీది దుప్పటి ఎత్తి, పసిపిల్లల కింద వేసే రబ్బరు షీటు పరుస్తున్నారు. తెరిచి ఉన్న సూట్‌కేసులో సగం ప్యాడ్ల పొట్లాలే.

“ఆంటీ! ఫారంలో మీరు లేదని పెట్టారు కదా!”

నా నోట మొదట వచ్చిన మాట అదీ. ఆవిడ పడుతున్న బాధ కాదు, నా పోస్టరు గుర్తొచ్చింది నాకు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడ షీటు అంచులు పరుపు కిందికి దోపుతూనే మాట్లాడారు. “అంతమందిలో ఏం పెట్టమంటావే? పెద్దదాన్నని ముందు నేనే పెట్టాలాయె. ఉందని తెలిస్తే రేపు పూజలో నన్ను కూర్చోనిస్తారా?” దుప్పటి పైన కప్పి మళ్లీ తనే అన్నారు. “మా రెండోవాడి కాన్పు నుంచీ ఉంది. వాడికి నలభై దాటాయి. ఎవరితోనూ అనకు, నా మీద ఒట్టు.”

మర్నాడు పొద్దున హాలు నిండా పోస్టర్లు. మాది పక్కకి తీసేద్దామా అనుకున్నాను గానీ, తీస్తే ఎందుకని అడుగుతారు. ఇంతలో తెల్లజుట్టు డాక్టరమ్మ ఒకావిడ వచ్చి మా పోస్టరు ముందు ఆగారు. ఈ జబ్బుకే ఏళ్ల తరబడి వైద్యం చేస్తున్నారట. మొత్తం చదివి, మీ ఆడవాళ్లలో ఇంత తక్కువగా ఎందుకుంది, యోగా చేస్తారనా, నేల మీద కూర్చుంటారనా అని అడిగారు. వెనకున్న కుర్రడాక్టరు ‘నేల మీద కూర్చోవడం’ అని నోటు పుస్తకంలో రాసేసుకున్నాడు. ఇంకాసేపు ఊరుకుంటే ఆ ఘనత పసుపుకి కూడా కట్టబెట్టేవారు.

నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే. “ఈ ఫలితాన్ని నమ్మకండి. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఫారాలు నింపించాను. తప్పు నాది” అన్నాను. ఆంటీ ఊసెత్తలేదు. డాక్టరమ్మ మొహంలో ఉత్సాహం చల్లారిపోయింది. ఇలాంటివి జరుగుతుంటాయని తలూపి కదలబోయారు.

“ఆవిణ్ణి ఆగమను” అన్నారు నా వెనకే నిలబడ్డ ఆంటీ.

కొంగు భుజం చుట్టూ లాక్కుని నా పక్కకి జరిగారు. “లేదని మొదట పెట్టింది నేనేనని చెప్పు. నన్ను చూసే వాళ్లందరూ పెట్టారని చెప్పు.” అన్నేళ్లు ఇంగ్లీషులో ఉద్యోగం చేసిన మనిషి, ఆ ఒక్క మాటకి నన్ను అడ్డం పెట్టుకున్నారు. చెప్పాను.

డాక్టరమ్మ ఆంటీని కుర్చీలో కూర్చోబెట్టి తనూ పక్కనే కూర్చున్నారు. ఎన్నాళ్ల నుంచి, ఎప్పుడెప్పుడు, రాత్రిళ్లు కూడానా అని మెల్లగా అడిగారు. ఒక్కో జవాబుకీ ఆంటీ గొంతు తగ్గుతూ వచ్చింది. నేనూ గొంతు తగ్గించే చెప్పాను. కొన్ని వ్యాయామాలున్నాయి, నేర్పేవాళ్లున్నారు, చాలకపోతే వేరే వైద్యాలున్నాయి, ఈ వయసులో కూడా చాలావరకు తగ్గుతుంది అన్నారు డాక్టరమ్మ.

ఆంటీ సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ మొహం గట్టిపడింది.

“ఒక్క మాట అడుగమ్మా. నాకు ముప్ఫయ్యేళ్లప్పుడే చూపించుకునుంటే, అప్పుడే తగ్గేదా?”

అడిగాను. డాక్టరమ్మ నా వంక కాకుండా ఆంటీ వంకే చూసి, అప్పుడైతే ఇంకా తేలిగ్గా తగ్గేది అన్నారు.

ఆ మాటని తెలుగులో చెప్పమని ఆంటీ నన్ను అడగలేదు.

“మా రెండోవాడి పెళ్లిలో నేను పీటల మీద కూర్చోలేదే” అన్నారు. “మోకాళ్ల నొప్పులని చెప్పి, మా తోడికోడలు దంపతుల్ని కూర్చోబెట్టాను.”