నేను నీలం రంగు వేసిన పొలం

కొల్లేరు పక్షుల ఫొటోల కోసం ఈ పేజీ తెరిచినవాళ్ళు నన్ను క్షమించాలి. ఇది కోపంతో మొదలై కోపంతోనే ముగిసిన ప్రయాణం. విశాఖలో నేను చేస్తున్న పిహెచ్‌డి ఏమిటంటే, ఉపగ్రహం తీసిన చిత్రంలో ఏది సరస్సు, ఏది చేపల చెరువు, ఏది వరిపొలం అన్నది కంప్యూటర్‌కి నేర్పడం. కొన్ని ఉదాహరణలు చూపిస్తే మిగతావి అదే పోల్చుకుంటుంది. గైడ్ గారిది కంప్యూటర్ విభాగం, కో-గైడ్ గారిది భూగోళశాస్త్రం. రివ్యూలో వీళ్ళు "ఇందులో కంప్యూటరేముంది?" అంటారు, వాళ్ళు "ఇందులో భూగోళమేముంది?" అంటారు. రెండిళ్ళవాళ్ళూ భోజనానికి పిలిచి, ఎవరూ విస్తరి వెయ్యని చుట్టరికం నాది.

మా దగ్గరున్న చిత్రాలన్నీ జనవరివి. అప్పుడు దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పుల కోసం పొలాల్లో నీళ్ళు నిలబెడతారు. పైనుంచి చూస్తే అదీ చెరువులాగే మెరుస్తుంది. ఈ మాట గైడ్ గారితో చెప్పాను. "మబ్బుల్లేకుండా ఉన్నాయి కదమ్మా, చాలు" అన్నారు. చాలదని నాకు తెలుసు. ఊడ్పుల రోజులు చూసుకుని నేనే బయలుదేరాను.

ముందురోజు తాడేపల్లిగూడెంలో స్నేహితురాలింట్లో దిగి, పొద్దున్నే పాసింజరు ఎక్కాను. భీమడోలులో జనం విరగబడి ఎక్కుతారు, గూడెంలోనే సీటు చూసుకోండి. గంటన్నరలోపే ఏలూరు. అక్కడ ఇడ్లీ తిని కైకలూరు బస్సెక్కితే ఇంకో గంటన్నర, టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. దారిలో, సరస్సును ఆక్రమించాయని సర్కారు కొట్టేసిన చేపల చెరువుల గట్లు అక్కడక్కడా మొండిగా మిగిలి కనిపిస్తాయి. కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ దగ్గర, కలిదిండి దారిలో వెళ్ళి రావడానికి నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాను.

"చేపల బేరానికొచ్చారాండీ?" అన్నాడు డ్రైవరు.

"కాదండీ, పొలం చూడ్డానికి."

"కొనేదైతే జాగ్రత్తండోయ్. ఏది పొలమో ఏది చెరువో ఇప్పుడు పైనుంచి చెప్తన్నారంటండి."

హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను.

మా కంప్యూటర్ అన్నిటికన్నా నమ్మకంగా 'చెరువు' అని చెప్పిన చోట దిగాను. మోకాళ్ళ కింది దాకా నీళ్ళలో నిలబడి ఆడవాళ్ళు తలలు వంచి ప్రార్థన చేస్తున్నారు. అది అయ్యాకే మొదటి నారుకట్ట నాటారు. ఆ ఎకరం నేల వాళ్ళలో ఒకరైన సుగుణమ్మ గారిది. భర్త పోయాక దానిమీదే బతుకుతున్నారట. ఊరికే చూడ్డానికొచ్చానని చెప్పాను.

"చూస్కోండమ్మా. వచ్చే ఏడుకి ఉంటదో లేదో" అన్నారావిడ. "వారం కిందట ఫారెస్టాఫీసోళ్ళొచ్చారండీ. రంగుల కాగితం చూపించి, ఇది చేపల చెరువు, గట్టు కొట్టేస్తాం అన్నారు. చెరువేంటండీ బాబూ, ఊడ్పులకి పెట్టిన నీళ్ళండీ అంటే, కంప్యూటర్లో అలా పడిందంట!"

"ఏ రంగండీ?" అన్నాను.

"నీలం."

నా సంచిలోంచి మ్యాపు తీశాను. "ఇదేనండీ" అన్నారావిడ. ఆ నీలం నేను ఏరిన నీలం. తనిఖీ కాలేదు, ఎవరికీ ఇవ్వద్దని నేను చెప్పిన మ్యాపు. ఒళ్ళు మండిపోయింది. గట్టు మీద నిలబడే గైడ్ గారికి ఫోన్ చేశాను.

"ఫారెస్టువాళ్ళు అడిగారమ్మా, ఇచ్చాను. మన పని ప్రభుత్వం వాడుతోందంటే రివ్యూలో ఎంత బలం! ఒక్క ఎకరం తప్పయితే మన కచ్చితత్వం శాతం ఏమీ మారదు" అన్నారాయన.

మారదు, నిజమే. మారేది సుగుణమ్మ గారి తిండి. ఆ మాటే అన్నాను. "రివ్యూ అయ్యేదాకా నోరు మెదపకు" అని పెట్టేశారు.

మ్యాపు నేనే చేశానని అప్పుడు సుగుణమ్మ గారికి చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అలాగాండీ? అయితే ఆ కంప్యూటరుకి మీరే ఓ మాట చెప్పండమ్మా" అని, అన్నం తిని వెళ్ళమన్నారు. అంత మెత్తగా అడిగేసరికి నా కోపం రెట్టింపయింది. తినలేకపోయాను. ఫొటోలు తీసుకుని ఏలూరులో ఫారెస్టు ఆఫీసుకి పరుగెత్తాను. ఈ మ్యాపు ఇంకా తనిఖీ కానిది, ఇందులో చెరువన్న చోట వరి ఉంది, దీన్నిబట్టి ఏ గట్టూ కొట్టవద్దు అని రాసిచ్చాను.

"మీ సారు సంతకం లేదేంటండీ?" అన్నాడు గుమాస్తా.

"మ్యాపు నాదండీ" అన్నాను.

నా రివ్యూకి గైడ్ గారు సంతకం పెట్టలేదు. ఎప్పుడు పెడతారో తెలియదు. ఆఫీసువాళ్ళు మళ్ళీ వచ్చి చూసి, ఆ ఎకరాన్ని జాబితాలోంచి తీసేశారని సుగుణమ్మ గారు ఫోన్ చేశారు. మిగిలిన నీలం మచ్చల్లో ఎవరి పొలాలున్నాయో నాకింకా తెలియదు. అవన్నీ నడిచి చూడాలి. ఆ పనికి కంప్యూటర్ విభాగమూ డబ్బివ్వదు, భూగోళ విభాగమూ ఇవ్వదు. కోపం మాత్రం కావలసినంత ఉంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: కైకలూరులో మూడింటి బస్సు తప్పిపోనివ్వకండి. అదెక్కితేనే ఏలూరులో ఆఫీసు మూసేలోపు చేరతారు.