ఒక్కసారే అడిగే దేశం

చదువుకి నెదర్లాండ్స్ వెళ్తున్నానని తెలిశాక నాకు సలహా ఇవ్వని మనిషి మా చీరాల వైపు లేరు. చలికి మేజోళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకోమన్నారు. సైకిల్ నేర్చుకోమన్నారు. కారం డబ్బా సూట్‌కేసులో పగిలితే బట్టలన్నీ పారెయ్యాల్సిందేనని, కవరు మీద కవరు కట్టి పెట్టమన్నారు. అక్కడ ఏదైనా ఒక్కసారే అడుగుతారని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మేజోళ్ళన్నీ ఇంట్లోనే వదిలేసి ఆ ఒక్క ముక్కా పట్టుకెళ్ళేదాన్ని.

మావాళ్ళ సంగతి కాస్త చెప్పాలి. పొలం గట్టు జానెడు జరిగిందంటే ఊరంతా వినపడేలా అరుస్తారు. మిర్చి యార్డులో ధర దగ్గర ఎవరికీ మొహమాటం ఉండదు. అదే మనిషి ఒకరింటికి వెళ్తే, గొంతు ఎండిపోతున్నా సరే, కాఫీ అనగానే “అబ్బే, ఇప్పుడే తాగొచ్చామండి” అంటాడు. ఇంటావిడ ఆ మాట విననట్టే స్టవ్వు వెలిగిస్తుంది. ఆయన “ఎందుకండీ మీకు శ్రమ” అంటూనే గ్లాసు అందుకుంటాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు, దాని పేరే మర్యాద. మొదటిసారికే “ఇవ్వండి” అన్నవాడు కరువులో పుట్టినవాడి కింద లెక్క. చిన్నప్పుడు వేటపాలెంలో మా పెద్దమ్మ జీడిపప్పు పాకం ఇవ్వబోతే టక్కున చెయ్యి చాపాను. మా అమ్మ తొడ మీద గిల్లిన చోటు ఇప్పటికీ చూపించగలను.

నేను వెళ్ళింది మొక్కల తెగుళ్ళ గురించి చదవడానికి. మా మిర్చి చేను నల్ల తామర పురుగు పాలైన ఏడు పూతంతా రాలిపోతే, మా నాన్న ట్రాక్టరు పెట్టి చేను దున్నించేశాడు. ఆ పురుగు సంగతేదో తేల్చాలని అప్పటినుంచీ నా పట్టుదల. అక్కడ మా ప్రొఫెసరమ్మ సరిగ్గా దాని మీదే పరిశోధన చేస్తోంది. అద్దాలతో కట్టిన పెద్ద షెడ్డులో, వెచ్చగా, వాళ్ళు మిర్చి అని పిలుచుకునేదాన్ని పెంచుతారు. కొరికి చూశాను. మా దోసకాయకి అంతకంటే పౌరుషం ఉంటుంది. అయినా పురుగు మాత్రం మా పురుగే. ఆవిడ టీములో చోటు దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాను.

ఒకరోజు క్లాసు అయ్యాక ఆవిడే నన్ను ఆపింది. “నా టీములో ఒక చోటు ఉంది. నీకు కావాలా?”

కావాలని అరవాలనిపించింది. నోరు మాత్రం మా అమ్మ పెంచిన నోరు. “లేదండి, పర్వాలేదు. నాకంటే బాగా చేసేవాళ్ళు ఉంటారు” అంది.

“సరే” అని ఆవిడ సైకిలెక్కి వెళ్ళిపోయింది.

నేనేం కంగారు పడలేదు. ఒక విడత అయింది, ఇంకో విడత ఉంటుంది కదా. మర్నాటి నుంచి ఆవిడ అడగడానికి వీలుగా ఉండటం మొదలుపెట్టాను. ముందు వరసలో కూర్చున్నాను. ఆవిడ వచ్చే వేళకి కాఫీ మిషను దగ్గర తచ్చాడాను. ఒకసారి లిఫ్టులో ఇద్దరమే పడ్డాం, ఇదే అదను అనుకున్నాను. ఆవిడ వాన గురించి మాట్లాడి దిగిపోయింది.

అమ్మకి ఫోన్ చేశాను. “అడుగుద్దిలేవే. ఒక్కసారి అడిగి ఊరుకోడానికి ఆవిడేమన్నా చిన్నపిల్లా? నువ్వు మాత్రం ఎగబడబాక, బాగోదు” అంది.

నేను అద్దెకున్న ఇంట్లోనే ఉండే ఒంగోలు అక్క ఆ దేశంలో ముదిరిన మనిషి. సంగతి విని గరిట పక్కన పెట్టేసింది.

“వద్దన్నావా? నోటితో వద్దన్నావా?”

“మాటవరసకి అన్నానక్కా.”

“ఏడ్చినట్టుంది. అడగందే అమ్మైనా పెట్టదని మనోళ్ళే అన్నారు కదే. రేపు పొద్దున్నే పోయి కావాలని చెప్పు.”

మా అమ్మ అడక్కుండానే పెడుతుంది. వద్దన్నా పెడుతుంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

మర్నాడు ప్రొఫెసరమ్మ గదికి వెళ్ళి, “ఆ చోటు నాకు కావాలండి” అన్నాను. ఆవిడ తెల్లబోయింది. “నువ్వు వద్దన్నావు కదా?”

మా కాఫీ, మా మొహమాటం, ఇంటావిడ వెలిగించే స్టవ్వు, అన్నీ వివరించాను. ఆవిడ ఏదో కొత్త పురుగు గురించి చెబుతున్నంత శ్రద్ధగా వింది.

“మరి నిజంగానే వద్దనుకుంటే ఏమంటారు?”

“అప్పుడూ వద్దనే అంటామండి.”

“మరి అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది?”

“తెలియదండి. పెట్టేస్తారు.”

ఆవిడ నవ్వలేదు. ఆ చోటు పోయిన వారమే ఇంకొకరికి ఇచ్చేశానని మెల్లగా చెప్పింది. “నువ్వు వద్దన్నావు. నేను నీ మాట నమ్మాను” అంది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చోటు పోయినందుకు ఏడుపొచ్చిందంటే సరే, నమ్మానన్న మాటకి ఇంకా ఎక్కువ వచ్చింది. ఇంటర్‌కి హాస్టల్ వద్దన్నాను, అలవాటైతే అదే ఉంటుందిలే అని పెట్టె సర్దారు. డిగ్రీ కాగానే వచ్చిన సంబంధం వద్దన్నాను, సిగ్గుపడుతోందని పెళ్ళిచూపులు పెట్టారు. ఆ అబ్బాయి ఇంకోచోట కుదుర్చుకున్నాడు కాబట్టి బతికాను. పుట్టి బుద్ధెరిగాక, నేను వద్దంటే వద్దేనని నమ్మిన మొదటి మనిషి ఈవిడ. అదీ నేను కావాలనుకున్న రోజున.

ఆవిడ నాకు కాగితపు రుమాలు అందించి అంది: “షెడ్డులో కుండీలు కడిగి, ఆకుల మీద పురుగులు లెక్కపెట్టే మనిషి కావాలి. టీములో చోటు కాదిది, పరిశోధనలో నీ పేరు రాదు. కావాలా, వద్దా? నువ్వు ఏది చెబితే అదే నమ్ముతాను.”

‘అబ్బే, మీకెందుకండీ శ్రమ’ అనేది నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“కావాలి” అన్నాను.

ఆవిడ మళ్ళీ అడగలేదు. లేచి, షెడ్డు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.