మూతబడ్డ మిల్లులో నా షేర్లు

మూతబడ్డ మిల్లులో షేర్లు కొన్నానంటే నాకు పిచ్చి పట్టిందన్నాడు మా ఆయన. పిచ్చేం కాదు. కంపెనీ ఆస్తులన్నీ అమ్మి, బాకీలు తీర్చాక మిగిలింది షేర్లున్నవాళ్లకు పంచుతారు. షేరు చవకగా వస్తోంది, మిల్లు భూమేమో నెక్కొండ రోడ్డు మీద. వరంగల్ వాళ్లం కదా, కాగితాలకంటే భూమినే నమ్ముతాం. బస్సెక్కి వెళ్లి, ప్రహరీ చుట్టూ తిరిగి, పక్కన ప్లాట్లు అమ్మేవాళ్లను గజం ధర అడిగి వచ్చాను. బ్యాంకుకు పోగా బోలెడు మిగులుతుందనిపించింది. అత్తగారింట్లో ఒక్క గదిలో నలుగురం ఊపిరాడకుండా ఉంటున్నాం. వేరే పోర్షన్ అడ్వాన్సుకని దాచిందంతా అందులో పెట్టేశాను.

మా అన్న ఆ మిల్లు కార్మికుడే. రావాల్సిన జీతాల కోసం వాళ్లంతా వేసిన కేసు ఎప్పటినుంచో నానుతోంది. అన్నే ఆశ వదులుకున్నాడు, నేనెందుకు లెక్కేస్తాను? నేను కొన్నాక అది మళ్లీ కదిలింది. అమ్మి బయటపడదామంటే ఆ షేర్ల అమ్మకాలు అప్పటికే ఆపేశారు.

కార్మికులకు ఇచ్చాకే మాకు. అంటే అన్నకొస్తే నాకు పోతుంది. వాయిదా ఉన్నప్పుడల్లా అన్న మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, దేవునికి మొక్కుకోమని చెప్పి వెళ్లేవాడు. ఏమని మొక్కుకోను నా మొహం? షేర్ల సంగతి అన్నకు చెప్పలేదు, కక్కలేక మింగలేక చచ్చాను. అన్న ఓడాలని లోపల ఎక్కడో అనిపించినప్పుడు నామీద నాకే అసహ్యమేసేది.

అన్న గెలిచాడు. వాళ్ల బకాయిలు వడ్డీతో సహా తీరేసరికి మాకు పంచడానికి పైసా మిగల్లేదు.

మిల్లు మూతబడ్డప్పటినుంచి పుట్టింటి తరఫున నాకు ఒడిబియ్యం పోయలేకపోయానని అన్నకు బాధ. డబ్బు చేతికి రాగానే పిలిచాడు. పట్టుచీర కట్టబెట్టి పీట మీద కూర్చోబెట్టారు. వదిన పసుపు బియ్యం కలిపి తెచ్చింది.

"షేర్లోల్లకు ఏం రాలేదట చెల్లె," అన్నాడు అన్న, దోసిట్లోకి బియ్యం తీసుకుంటూ. "పైసలున్నోల్లు, వాల్లకేం ఫికరు. నువ్వు జర నవ్వు."

నవ్వాను. బియ్యం కింద పడకుండా కొంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.