కళ్లు మూసి చేయెత్తిన ఆదివారం

నా పేరు ఓటర్ల జాబితాలో ఎక్కిందన్న కబురు మొదట తెచ్చింది, ఆ జాబితా పని కూడా చూసే మా గల్లీ అంగన్‌వాడీ టీచరమ్మ. నేను బడికి పోకుండా ఇంట్లో అవ్వ దగ్గరే చదువుకున్నదాన్ని. అందుకని వయసు చూపే కాగితాల కోసం ఆమె మెట్‌పల్లిలోని మా ఇంటికి నాలుగుసార్లు తిరిగింది. చివరికి ఓటరు కార్డు నా చేతిలో పెట్టి, "గిది నీదే బిడ్డా. బాపుది గాదు, చర్చిది గాదు" అన్నది. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. కార్డు మీద ఉన్న ముఖం నాదేనని నమ్మడానికే సమయం పట్టింది. దానికీ దేవునికి స్తోత్రం చెప్పాను.

పోలింగు తర్వాతి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో నేను మొదటిసారి పాలు పొందాలి. ఆ రొట్టె ముక్క కోసం ఏడాదిగా ప్రశ్నలూ జవాబులూ వల్లెవేస్తున్నాను.

పోలింగుకు ముందు ఆదివారం, పోటీలో ఉన్న నాయకుడొకాయన మా చర్చికి వచ్చాడు. ఈస్టరు నాడు కూడా నిండని మా చాపలు ఆయన మనుషులతో నిండిపోయాయి. చర్చికి ప్రహరీ గోడ కట్టిస్తానన్నాడు. గోడ లేక మేమెంత కష్టంలో ఉన్నామో మాకు ఆ రోజే తెలిసింది. అంతవరకు ప్రసంగం మధ్యలో లోపలికి వచ్చే మేకలను మేము సంఘసభ్యుల్లాగానే చూసేవాళ్లం. వాటికంటే శ్రద్ధగా వినేవాళ్లు తక్కువే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రసంగం అయ్యాక అందరూ కళ్లు మూసుకుంటారు. మనసు మార్చుకున్నవాళ్లు చేయి ఎత్తుతారు. ఎవరెత్తారో దేవునికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆ రోజు చర్చి వ్యవహారాలు చూసే సంఘపెద్ద అదే మెత్తని గొంతుతో, అన్నకు ఓటేయాలని తీర్మానించుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు. హార్మోనియం కూడా మెల్లగా వాయించారు. ఎవరికి వేయాలో నాకింకా తేలలేదు. అయినా అంతవరకు దేవుని కోసమే ఎత్తిన చేయి అది. లేవలేదు.

సాయంత్రం సంఘపెద్ద మా ఇంటికి వచ్చి, ఛాయ్ తాగి, బాపుతో అన్నాడు.

"అందరి చేతులు లేసినయి. నీ బిడ్డదే లేవలే."

బాపు మార్కెట్ యార్డులో మూటలు మోసే మనిషి. పెద్దలకు ఎదురు చెప్పడు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు.

"కండ్లు మూసుకొమ్మన్నరు గద కాకా. మరి నీకెట్ల కనవడ్డది?"

మందను కాసేవాడు ఒక కన్ను తెరిచే ఉంచాలని ఆయన వివరించాడు. సంఘంతో ఒక్క మాట మీద లేని పిల్లకు ప్రభువు బల్ల అప్పుడే ఎందుకు, ఇంకో ఏడాది ఆగితే ఏమని కూడా అన్నాడు. పోయే ముందు ప్రార్థన చేశాడు. ఈసారి నేనూ ఒక కన్ను తెరిచే ఉంచాను.

పోలింగు నాడు బడి గేటు దగ్గర జాబితా ముందేసుకొని టీచరమ్మ కూర్చుంది. నా భయమంతా ఒక్కటే, లోపల కూడా ఎవరో ఒకరు ఒక కన్నుతో చూస్తారేమోనని. అదే అడిగాను. ఆమె చీటీ ఇస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"ఆ అట్ట యెనక నువ్వొక్కదానివే. జర నిమ్మళంగ చూసుకొని ఒత్తు."

నిజంగానే అక్కడ ఎవరూ లేరు. అలవాటుకొద్దీ కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాను. అవ్వ నేర్పిన ప్రార్థనలు పొడుగు. మిషన్ చెడిపోయిందా అని అధికారి అడిగాడు. ఆమేన్ అని, కళ్లు తెరిచి, ఒత్తాను. ఇవతలికి వచ్చేసరికి ఏజెంట్లందరూ లేచి నిలబడి ఉన్నారు. నా భక్తి అంతా తమ గుర్తుకే దక్కిందన్నట్టు ప్రతి ముఖమూ వెలిగిపోతోంది.

నా ప్రార్థన సంగతి నాకంటే ముందే గేటు దాటింది. రోడ్డు మీద సంఘపెద్ద ఎదురొచ్చాడు.

"దేవుడు మాట్లాడిండా బిడ్డా?"

"మాట్లాడిండు తాతా."

"ఏమన్నడు?"

"ఎవ్వలకు చెప్పద్దన్నడు."

ఓటేసి నా వెనకే వస్తున్న బాపు దగ్గాడు. దేవుని మాట మీరమని సంఘపెద్ద ఎలా అంటాడు? ఆదివారం రొట్టె పళ్లెం నా ముందుకు చాపింది ఆయనే, రెండు కళ్లూ గట్టిగా మూసుకొని. గోడ ఇంకా లేవలేదు. మేకలు వస్తూనే ఉన్నాయి. వాటికీ స్తోత్రం.

చదివినవాళ్లను ఒక్కటే కోరుతున్నాను. మీరు ఏ దేవునికి మొక్కేవారైనా, నాలుగుసార్లు మా గడప తొక్కిన ఆ టీచరమ్మను ఒకసారి తలుచుకోండి. చేయి ఎత్తనక్కరలేదు.